ఫొటో కింద రాసిన మాట

అమ్మన్నమ్మ పోపు వేసేటప్పుడు హెల్మెట్ పెట్టుకునేది.

కుడికంటికి శుక్లం తీసిన డాక్టరు ఆరువారాలు పొయ్యి దగ్గరికి పోవద్దన్నాడు. ఆవిడ పదిరోజులు ఓర్చుకుంది. కోడలు లోవలక్ష్మి ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరు, ఏడున్నరకల్లా బయల్దేరాలి. కొడుకు రమణబాబు ఎనిమిదింటికి సీతాఫల్‌మండి స్టేషన్లో ఎమ్మెమ్‌టీఎస్ రైలు అందుకోవాలి. ఇద్దరూ బ్రెడ్డు ముక్కలు నములుతూ మెట్లు దిగడం చూడలేక పదకొండో రోజున ఆవిడ వంటింట్లో దూరింది. మొదటి పోపులోనే ఆవగింజ ఒకటి ఎగిరొచ్చి రెప్ప మీద చురుక్కుమంది. మర్నాడు గుమ్మం పక్క మేకుకి ఉన్న కొడుకు హెల్మెట్ తీసి తలకి తగిలించుకుని, అద్దం కిందికి దించి, మూకుట్లో నూనె పోసింది.

లోవలక్ష్మి చూసి పడీపడీ నవ్వింది. వారం తిరిగేసరికి ఎవరికీ నవ్వు రావడం లేదు. కన్ను పూర్తిగా నయమయ్యాక కూడా ఆవిడ మానలేదు.

"బాగున్నాదే. మిరపకాయ ఘాటు సుతరామూ రాదు," అంది.

అది రెండువేల ఆరో సంవత్సరం. రమణబాబు హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చినవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి మీటింగులో పొరపాటున ఊరి యాసలో "అలగ కాదండి" అన్నాడు. నాలుగేళ్ళయినా టీములో వాళ్ళు కాఫీ మిషన్ దగ్గర అతన్ని చూస్తే "అలగ కాదండి" అనే పలకరించేవారు. అతనూ నవ్వేవాడు. క్రమంగా ఆఫీసులో మాట్లాడ్డమే తగ్గించుకున్నాడు.

ఆ టీముకి లీడు జ్ఞానశేఖర్. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అందరికీ ఒక మెయిల్ పంపేవాడు. నెట్లో దొరికిన వింతలన్నీ అందులో ఉండేవి. నలుచదరంగా పండించిన పుచ్చకాయలు, చెట్టెక్కి కొమ్మల మీద నిలబడ్డ మేకలు, చెవులు కుట్టబడును సైకిళ్ళు బాగుచేయబడును అని ఒకే బోర్డు మీద రాసుకున్న దుకాణం. ఆ మెయిల్ రాగానే హాలంతా కిసకిసలు. ఎవరు మంచి వింత పంపితే వాళ్ళ పేరు కింద వేసేవాడు జ్ఞానశేఖర్. ఆ రోజుకి వాళ్ళే గొప్ప.

ఒక ఆదివారం రమణబాబు కొత్తగా కొన్న కెమెరా ఫోనుతో ఇంట్లో అదీ ఇదీ ఫొటోలు తీస్తున్నాడు. అమ్మన్నమ్మ పులుసులోకి పోపు పెడుతోంది. హెల్మెట్ అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. చేతిలో గరిటె, నేత చీర, పక్కన గోడకి వేంకటేశ్వరస్వామి క్యాలెండరు. "అమ్మా, ఇటు చూడు," అన్నాడు. ఆవిడ గరిటె ఎత్తి పట్టుకుని తిరిగింది.

ఆ ఫొటో జ్ఞానశేఖర్‌కి పంపాడు. శుక్రవారం మెయిల్లో మొదట అదే వచ్చింది. ఎన్నడూ మాట్లాడని వాళ్ళు కూడా అతని సీటు దగ్గరికొచ్చారు. పక్క టీములో శ్రీలలిత అనే అమ్మాయి, "మీ మదర్ సూపరండీ! ఈ ఐడియా మా అమ్మకి చెప్తాను," అంది. ఆ సాయంత్రం రైల్లో నిలబడే ప్రయాణం చేసినా రమణబాబుకి కాళ్ళ నొప్పి తెలీలేదు.

ఇంటికి రాగానే తల్లికి చెప్పాడు. ఆవిడ సిగ్గుపడింది.

"అంతమంది సూసినారేటి? ఏటన్నారూ?"

"చాలా తెలివైన మనిషి అన్నారమ్మా."

"ఓలమ్మ! అలగన్నారా?" అని కోడలివైపు తిరిగి, "ఇన్నావా మరి?" అంది.

మూడువారాలు గడిచాయి. చెన్నైలో పనిచేస్తున్న చిన్ననాటి స్నేహితుడు పైడిబాబు నుంచి ఒక ఫార్వర్డు వచ్చింది. తెరిస్తే తల్లి ఫొటో. ఫొటోలో ఉన్నది ఆవిడేనని ఆ స్నేహితుడికి తెలీదు, హెల్మెట్లో మొహం కనబడదు. ఫొటో కింద ఇప్పుడు పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఒక మాట రాసి ఉంది. ఆ మాటకి అర్థం ఇదీ: "తాగిన మొగుడు ఇంటికొచ్చే వేళయింది. నేను రెడీ!"

రమణబాబు గబుక్కున ఆ మెయిల్ మూసేశాడు.

అమ్మన్నమ్మ ఎడమ కనుబొమ పైన, వెంట్రుకల్లోకి పోయే మచ్చ ఒకటుంది. ఎవరడిగినా బావిగట్టు దగ్గర జారిపడ్డానని చెబుతుంది. లోవలక్ష్మికీ అదే చెప్పింది. కానీ ఆ రోజు రమణబాబు ఇంట్లోనే ఉన్నాడు. అతనికప్పుడు తొమ్మిదేళ్ళు. జూట్ మిల్లులో షిఫ్టు దిగి, తాగి వచ్చిన తండ్రి దేముడుబాబు, అన్నం చల్లారిపోయిందని ఇనప గరిటె విసిరాడు. అదొక్కసారి కాదు, అంతకు ముందూ తర్వాతా చాలాసార్లు. కానీ ఆ రోజు రక్తం ఆగలేదు. తల్లి చీర కొంగు నెత్తికి అదిమిపెట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి నడిచింది. దారిలో ఒక్కటే మాట చెప్పింది: "బావిగట్టు కాడ జారిపోయిందని సెప్పు బాబూ." కాంపౌండరు అడిగితే అతను అలాగే చెప్పాడు. ఆ తర్వాత ఆ సంగతి తల్లీ కొడుకులిద్దరూ ఒకరితో ఒకరు కూడా అనుకోలేదు. దేముడుబాబు లివరు పాడై చనిపోయి ఎనిమిదేళ్ళయింది. హాల్లో అతని ఫొటోకి లోవలక్ష్మి శుక్రవారాలు పూలు పెడుతుంది.

రమణబాబు జ్ఞానశేఖర్ దగ్గరికి వెళ్ళాడు.

"ఈ కింద రాసింది మీరా సార్?"

"లేదు బాస్, నేనెందుకు రాస్తాను! ఎవడో యాడ్ చేసుంటాడు. నెట్ అంటే అంతే కదా. మొహం కూడా కనబడట్లేదు, ఎందుకంత ఫీలవుతావ్?"

రమణబాబు ఎందుకు బాధ పడుతున్నాడో చెప్పాలంటే తండ్రి సంగతి చెప్పాలి. తిరిగొచ్చి సీట్లో కూచున్నాడు. ఆ వారమంతా లంచ్ టైములో ఆ ఫొటో ఎక్కడెక్కడ ఉందో వెతికాడు. పదకొండు సైట్లలో దొరికింది. ఒకదాని కింద రెండువందల పైచిలుకు కామెంట్లు. అన్నిటికీ ఉత్తరాలు రాశాడు: ఈవిడ మా అమ్మ, దయచేసి ఫొటో తీసెయ్యండి. ఒక సైటువాడు, మీ అమ్మే అని రుజువేమిటి అని అడిగాడు. ఇంకొకడు నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపాడు. మిగిలినవాళ్ళు జవాబే ఇవ్వలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళ ఇంటి కింద వీధిలో దేవసహాయం అనే ఆయన నెట్ సెంటర్ నడుపుతున్నాడు. ఆరు కంప్యూటర్లు, ఆరు ప్లైవుడ్ అరలు. వచ్చినవాళ్ళకి కాలక్షేపంగా ఉంటుందని తమాషా ఫొటోలు ప్రింటు తీసి అరల గోడలకి అంటించేవాడు. ఒక బుధవారం లోవలక్ష్మి స్కూలు ప్రశ్నపత్రాలు ప్రింటు తీయించుకోవడానికి వెళుతుంటే, కొత్తిమీర కొనాలని అమ్మన్నమ్మ కూడా వెంట దిగి, దారిలో ఒక కట్ట కొనుక్కుంది. కోడలు కంప్యూటరు ముందు కూచుంటే ఆవిడ గోడల మీది బొమ్మలు చూస్తూ నిలబడింది. నాలుగో అర దగ్గర ఆగిపోయింది.

"బాబూ, ఇది నానే," అంది దేవసహాయంతో.

ఆయన లేచి వచ్చాడు. "మీరా అమ్మా? నిజంగానా? హెల్మెట్ల మొఖం కనవడలే కదా!" అని సంబరపడిపోయాడు. "మీరు ఫేమస్ అయిన్రు! గీ ఫొటో నాకు దుబాయ్‌ల ఉన్న మా బామ్మర్ది పంపిండు."

"కింద ఏటి రాసున్నాది?"

"జోక్ అమ్మా, ఊకె రాసిన్రు." నవ్వుతూనే చదివి తెలుగులో చెప్పాడు.

అమ్మన్నమ్మ చేతిలో కొత్తిమీర కట్ట పక్కనున్న కంప్యూటరు మీద పెట్టేసి, కోడలికోసం ఆగకుండా ఇంటికెళ్ళిపోయింది.

రమణబాబు వచ్చేసరికి సాయంత్రం ఏడు. ఇంట్లో వంట వాసన లేదు. తల్లి గోడకి చేరబడి కింద కూచుని ఉంది. లోవలక్ష్మి కంగారుగా, "నెట్ సెంటర్లో ఆ ఫొటో చూసిందగ్గర్నుంచీ అత్తయ్య ఇలాగే ఉన్నారండీ. జోక్ అని చెప్పినా వినడం లేదు," అంది.

అతను చెప్పులు విప్పకుండానే నిలబడిపోయాడు.

అమ్మన్నమ్మ తలెత్తింది. "ఆల్లకి ఎవులు సెప్పినారు?"

"ఏంటమ్మా?"

"నీకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిసికి తెలవదు. మరి దేశం కాని దేశంలో ఆడెవుడికో ఎలగ తెలిసింది? నువ్వు సెప్పినావు. ఆపీసులో నవ్వులాటకి సెప్పినావు."

"నేను చెప్పలేదమ్మా!"

"తెలివైన మనిసి అన్నారని నాకు అబద్దం సెప్పినావు. ఇదా ఆల్లన్నది?"

"అమ్మా, ఒట్టు. నేను ఫొటో ఒక్కటే పంపాను. కింద రాసింది ఎవడో ఊరూ పేరూ లేనివాడు. ఆడికి నాన్న తెలీదు, నువ్వు తెలీదు. ఊరికే నవ్వడానికి రాశాడు." అతని గొంతులోకి నాలుగేళ్ళుగా దాచుకున్న ఊరి మాట దూసుకొచ్చింది. "నానెవులికీ సెప్పనేదే అమ్మా. ఆస్పత్రిలో కాంపౌండరు రెండుసార్లు అడిగినా బావిగట్టనే సెప్పాను. లక్ష్మికి కూడా సెప్పనేదు."

లోవలక్ష్మి ఇద్దరివంకా మార్చి మార్చి చూసింది. ఆమెకి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అత్తగారి నుదురు చూసింది. తర్వాత హాల్లో ఫొటో చూసింది.

"మావయ్యగారా?" అంది.

అమ్మన్నమ్మ కొంగు లాగి నుదురు కప్పుకుంది.

"నాలుగేళ్ళనుంచీ ఆయనకి పూలు పెడుతున్నాను నేను," అంది లోవలక్ష్మి. కోపం భర్త మీదే. "ఒక్కసారైనా నాకు చెప్పాలనిపించలేదా మీకు?"

"చెప్పడం రాలేదు," అన్నాడు రమణబాబు. అది నిజమే.

అమ్మన్నమ్మ మాత్రం కొడుకుని నమ్మలేదు. మర్నాడు వంట చేసింది కానీ అతనితో మాట్లాడలేదు. క్యారేజీ కట్టి కోడలి చేతికిచ్చి ఇప్పించింది. గురువారం, శుక్రవారం, శనివారం అలాగే గడిచాయి. శుక్రవారం నాడు లోవలక్ష్మి పూలు కొనలేదు. అత్తగారు అది చూసింది.

ఆదివారం పొద్దున్న రమణబాబు తల్లి ముందు కూచున్నాడు.

"నాతో కిందికి రా అమ్మా. ఆళ్ళు రాసినవన్నీ నీకు చదివి చెప్తాను. ఒక్కటీ దాచను. అప్పుడు నీకే తెలుస్తుంది."

ఆవిడ లేచి చెప్పులేసుకుంది. లోవలక్ష్మి కూడా వచ్చింది.

దేవసహాయం వాళ్ళని చూడగానే లేచి నిలబడ్డాడు. గోడ మీద ఆ కాగితం లేదు. "తీసేసిన అమ్మా. మీకు తక్లీఫ్ అయితదని తెల్వదు నాకు, మాఫ్ చెయ్యిన్రి," అన్నాడు. ఆవిడ తలూపింది. ఆయనే లోపలి అరలోకి మూడో కుర్చీ కూడా తెచ్చి వేశాడు.

రమణబాబు సైటు తెరిచాడు. ముందు తల్లి ఫొటో కాదు, మిగిలినవి చూపించాడు. ఎక్కడో చలిదేశంలో ఒకావిడ మూకుడు మూత డాలులా పట్టుకుని చేప వేయిస్తోంది. ఆవిడ కింద కూడా తాగొచ్చే మొగుడి మాటే. ఇంకొకావిడ ఉల్లిపాయలు తరుగుతూ ఈత కళ్ళద్దాలు పెట్టుకుంది. ఆ ఫొటో కిందా మొగుడి జోకే. మరోచోట పిల్లి నెత్తిన కొబ్బరిచిప్ప బోర్లించారు. దాని కిందా అదే.

అమ్మన్నమ్మ ముందుకి వంగి చూసింది. "ఈ దొరసాని మొగుడూ తాగుబోతేనా?"

"తెలీదమ్మా. రాసినవాడికీ తెలీదు. ఏ ఫొటో దొరికినా ఇదే మాట అంటిస్తారు."

"పిల్లికి కూడానా?"

"పిల్లికి కూడా."

ఆవిడ కొడుకు మొహం వైపు చూసింది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి. "అయితే నువ్వు సెప్పనేదు," అంది.

"చెప్పలేదమ్మా."

"సరే. నాది చదువు."

అతను మొదలుపెట్టాడు. రెండువందల పద్నాలుగు కామెంట్లు. సగం వాటిలో నవ్వు తప్ప మాట లేదు. ఒకడు ఈ హెల్మెట్ ఏ కంపెనీదని అడిగాడు. ఒకడు, మొగుడికి కూడా ఒకటి కొనివ్వండి, గరిటె ఆవిడ చేతిలోనే ఉంది అన్నాడు. ఒకడు ఈ దేశంలో ఆడవాళ్ళింతే అని రాశాడు. కొన్ని చదవడానికి అతనికి నోరు రాలేదు. "దాచనన్నావు," అంది తల్లి. చదివాడు.

"మొగుడు కొడితే నవ్వొస్తాదేటి ఈల్లకి?" అంది ఆవిడ. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. లోవలక్ష్మి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

నూట ముప్ఫై తర్వాత ఎక్కడో ఒకటి పొట్టిగా ఉంది. పక్కన ఆడపిల్ల బొమ్మ ఉంది కానీ పేరు లేదు, "ఎం" అనే ఒక్క అక్షరం ఉంది. రమణబాబు ఒకసారి తనలో తను చదువుకుని ఆగాడు.

"ఏటది?"

"'నాకు నవ్వు రాలేదు. మా అమ్మ దగ్గర హెల్మెట్ లేదు.'"

"మల్లీ చదువు."

మళ్ళీ చదివాడు.

అమ్మన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంతసేపటికి తీసి, "ఆ పిల్లకి నానొక మాట రాయొచ్చా?" అని అడిగింది.

"రాయొచ్చమ్మా. చెప్పు."

ఆవిడ ఉత్తరం చెప్పి రాయించే పాతకాలపు అలవాటులో నిటారుగా కూచుని, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. "అమ్మా, ఆ ఫొటోలో ఉన్నది నాను. ఇప్పుడిది కంటికోసం ఎట్టుకున్నాను. అప్పట్లో నా దగ్గరా నేదు. మా ఆయన గరిటెతో కొట్టినాడు. ఏడు కుట్లు పడ్డాయి. జారిపోయానని ఇరవై రెండేళ్ళు అందరికీ సెప్పుకున్నాను. నా కొడుకు సేత కూడా సెప్పించాను, అది తప్పే. మీ అమ్మ బాగున్నాదా?"

రమణబాబు టైపు చేస్తున్నాడు. "నా కొడుకు చేత" అన్నచోట అక్షరాలు కనబడక రెండుసార్లు తప్పు కొట్టాడు. ఇంగ్లీషులో పెట్టాక, ఏ మాటకి ఏం రాశాడో తల్లికి తిరిగి తెలుగులో చెప్పాడు. ఆవిడ విని, "అమ్మన్నమ్మ అని ఎట్టు," అంది. పేరు పెట్టి పంపాడు.

ఆ రోజునుంచీ ఆఫీసునుంచి రాగానే "రాసిందేటి ఆ పిల్ల?" అని అడిగేది. ఇంకా లేదమ్మా అనేవాడు. పదమూడు రోజులు అలా గడిచాయి.

పద్నాలుగో రోజున ఆ సైటువాళ్ళ నుంచి జవాబు వచ్చింది. ఆలస్యానికి క్షమించమన్నారు. మీ ఉత్తరం ఇప్పుడే చూశాం, మీ తల్లిగారి ఫొటో, ఆ పేజీ మొత్తం తొలగించాం అని రాశారు. నెల కిందట తను వేడుకున్న ఉత్తరం అది. రమణబాబు గబగబా సైటు తెరిచాడు. పేజీ లేదు. ఫొటో లేదు, రెండువందల పద్నాలుగు మాటలూ లేవు, ఎం రాసిన మాటా లేదు, తల్లి రాయించిన మాట కూడా లేదు. తిరిగి పెట్టమని రాశాడు. చెరిపేశాక తిరిగి రాదన్నారు. ఆ ఎం ఎవరో, ఎక్కడుంటుందో తెలుసుకునే దారి లేదు.

మిగతా సైట్లలో మాత్రం ఫొటో అలాగే ఉంది.

ఆ సాయంత్రం రైల్లో అతను రకరకాలుగా ఆలోచించాడు. ఆ అమ్మాయి జవాబు రాసిందని చెప్పొచ్చు. వాళ్ళమ్మ బాగుందట, నీకు నమస్కారాలు చెప్పమందట అనొచ్చు. తల్లికి ఎప్పటికీ తెలిసే వీలు లేదు. సీతాఫల్‌మండిలో దిగి ఇల్లు చేరేదాకా ఆ అబద్ధాన్ని నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు.

అత్తా కోడళ్ళిద్దరూ హాల్లో కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. లోవలక్ష్మి ఏదో అడుగుతోంది, అమ్మన్నమ్మ మెల్లిగా చెబుతోంది. ఈ మధ్య వాళ్ళిద్దరి మధ్యా ఆ పాత రోజుల మాటలు కొంచెం కొంచెంగా నడుస్తున్నాయి. అతను రాగానే ఆవిడ అలవాటుగా తలెత్తింది.

"రాసిందేటి?"

"లేదమ్మా," అన్నాడు. చాపమీద కూచుని జరిగినదంతా చెప్పాడు. తను తీసెయ్యమని రాసింది, వాళ్ళు ఇప్పుడు తీసేసింది, తల్లి మాట కూడా దాంతో పోయింది.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "తీసీసేలోపల ఆ పిల్ల చదివిందా?"

"తెలీదమ్మా."

"చదివే ఉంటాదా?"

అవునని చెప్పెయ్యాలనిపించింది. లోవలక్ష్మి అతని వైపే చూస్తోంది.

"తెలీదమ్మా," అన్నాడు మళ్ళీ.

అమ్మన్నమ్మ చేతిలో ఉన్న కాయ ఈనె తీసి చేటలో వేసింది. తర్వాత ఒళ్ళోంచి చేటని అతని ముందుకి తోసి, "పోనీలే. సేతులు కడుక్కుని నువ్వూ ఓ సెయ్యెయ్యి," అంది.